విశ్వనాథం గారి ఇసుక బండి

కొత్త సైలెన్సర్ మొదటిసారి వేడెక్కినప్పుడు దాని మీది రంగు కాలుతూ ఒక ఘాటు వాసన వస్తుంది. మొన్న సాయంత్రం దుబాయ్‌లో అల్ కుసైస్ సిగ్నల్ దగ్గర నా కారు పక్కన ఒక డెలివరీ బండి ఆగింది. అద్దం దించి ఉండటంతో ఆ వాసన నేరుగా నా ముఖానికి కొట్టింది. పచ్చలైటు పడినా నేను కదల్లేదు. వెనకవాళ్ళు హారన్లతో నన్ను తిట్టిపోశారు. వాళ్ళ తప్పేముంది? నేను సిగ్నల్ దగ్గర లేను, మా ఫ్యాక్టరీ వెనక షెడ్డులో విశ్వనాథం గారి పక్కన ఉన్నాను.

దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లోని మా ఫ్యాక్టరీకి ఆయన ప్రొడక్షన్ మేనేజరు. కార్మికులంతా అరబ్బీలో ముదీర్ అని పిలిచేవారు. ఊరు కాకినాడ. నేను కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్ని. ఆయన టీ తెచ్చే మనిషిని కూడా 'అండి' అనేవారు. తిట్టాల్సి వచ్చినా "మీకు బుద్ధుందాండీ?" అనే తిట్టేవారు. మా వైపు అంత మర్యాద చూపిస్తే ఏదో ఎసరు పెడుతున్నారని అర్థం. అందుకే మొదట్లో నేను ఆయనకు ఆమడ దూరంలో ఉండేవాణ్ణి.

2020 వేసవిలో ఆయన భార్య కమల గారు పెళ్ళికని కాకినాడ వెళ్ళి అక్కడే చిక్కుకుపోయారు. విమానాలు ఆగిపోయాయి. ఆవిడకు జ్వరం వచ్చింది, ఆసుపత్రిలో చేర్చారు, అక్కడే పోయారు. ఈయన ఇక్కడ ఫ్లాట్‌లో కూర్చుని అంతా ఫోన్‌లో చూశారు. మనలో ఒక ఇంట్లో మనిషి పోతే పలకరింపుకు వెళ్తాం. మాటలు రాకపోయినా ఫర్వాలేదు, కాసేపు కూర్చుని లేచి వస్తాం. ఆయనకు ఆ పలకరింపు దక్కలేదు. ఒకరి గడప ఒకరు తొక్కకూడని రోజులవి. మేమంతా మెసేజ్‌లు పెట్టాం. ఆయన డ్యూటీకి వచ్చినప్పుడు మాస్కుల వెనక నుంచి, దూరంగా నిలబడి తలలు ఊపాం. ఆయనా తల ఊపి లోపలికి వెళ్ళిపోయారు.

నా సంగతీ అంతంత మాత్రమే. నా గదిలోవాళ్ళు ఉద్యోగాలు పోయి, దొరికిన మొదటి విమానాల్లో ఊళ్ళకు వెళ్ళిపోయారు. మంచాల మీద పరుపులు చుట్టి పెట్టి ఉండేవి. సెలవురోజు పొద్దున లేస్తే సాయంత్రం దాకా నా గొంతు నాకే వినబడేది కాదు. ఇంటికి ఫోన్ చేస్తే అంతా బాగుందని వాళ్ళు చెప్పేవాళ్ళు, అంతా బాగుందని నేను చెప్పేవాణ్ణి.

ఆ చలికాలంలో మా దగ్గర పనిచేసే ఒకాయన దేశం వదిలి వెళ్ళిపోతూ తన చైనా డర్ట్ బైక్‌ను కారుచౌకగా అమ్మకానికి పెట్టాడు. లైట్లు లేవు, అద్దాలు లేవు, హారన్ లేదు. పికప్‌లో వేసుకుని ఎడారికి తీసుకెళ్ళి, ఇసుకలో తిప్పి, మళ్ళీ పికప్‌లో తెచ్చుకోవాలి. దాన్ని కొన్నది విశ్వనాథం గారని తెలిసి అందరం నోరు వెళ్ళబెట్టాం. ఆయన నన్ను పిలిపించారు.

"రాజేందర్ గారూ, దీన్ని రోడ్డెక్కించాలండి."

"ఇసుకల నడిపే బండి గద సార్. గట్లనే నడుపుకోరాదు?"

"ఇసుకలో మనిషి ఎక్కడికెళ్తాడండీ? తిరిగి తిరిగి పికప్ దగ్గరికే వస్తాడు."

అదే ఫ్రేముతో ఆ కంపెనీ రోడ్డు బండి కూడా చేస్తుంది, కాగితాలు సరిగ్గా ఉన్నాయి, టెస్టింగ్‌లో పాసయితే నంబరు ఇస్తారు అని ఆయన అప్పటికే కనుక్కున్నారు. ఇంకొన్నాళ్ళలో రిటైరై వెళ్ళిపోవాల్సిన మనిషి. ఈలోగా బండి పాసవ్వాలి, ఒక్కసారైనా దాని మీద కొండల అవతలి ఖోర్‌ఫక్కాన్ సముద్రం దాకా వెళ్ళాలి.

సెలవురోజైన శుక్రవారాలు ఫ్యాక్టరీ వెనక షెడ్డులో పని మొదలుపెట్టాం. వైరింగ్ నాది, మిగతాదంతా ఆయనది. హెడ్‌లైటు బిగించాను కానీ ఇంజను నెమ్మదించగానే అది కునికిపాట్లు పడేది. ఆ బండిలో పుట్టే కరెంటు ఇంజను స్పార్కుకే సరిపోతుంది, దీపాలకు మిగలదు. కాయిల్ విప్పి మళ్ళీ చుట్టాను, సీటు కింద బ్యాటరీ పెట్టాను. ఆయన వెనక ఫ్రేమును పొడిగించి, రెండో మనిషికి ఫుట్‌రెస్టులు వెల్డింగ్ చేశారు. పొడుగు సీటు కుట్టించారు. కొత్త సైలెన్సర్ బిగించి స్టార్ట్ చేసిన రోజు ఆ రంగు కాలిన వాసన షెడ్డంతా నిండిపోయింది. మధ్యాహ్నం పెరుగన్నం, ఆవకాయ రెండు డబ్బాల్లో తెచ్చేవారు. బల్లకు ఆ చివర ఆయన, ఈ చివర నేను, మాస్కులు తీసి చెరో గోడకేసి తిరిగి తినేవాళ్ళం. అయినా ఒక మనిషి నములుతున్న చప్పుడు పక్కన వినబడుతుంటే అన్నం రుచిగా ఉండేది. వారమంతా ఆ శుక్రవారం కోసం కాచుకునేవాణ్ణి.

ఒకరోజు ఆయన సన్న కమ్మీలు వంచుతూ కనిపించారు. తీరా చూస్తే చీర గార్డు. వెనక కూర్చున్న ఆడవాళ్ళ చీర చక్రంలో పడకుండా మన దగ్గర ప్రతి బండికీ ఎడమవైపు ఉంటుందే, అది.

"గిదెందుకు సార్ ఈడ?"

"బండన్నాక ఉండాలి కదండీ." ఇంకో కమ్మీ అందుకుని, "పెళ్ళయిన కొత్తలో ఇది లేకపోతే మా ఆవిడ బండెక్కేది కాదండి. ఇక్కడికొచ్చాక కూడా ఓ బండి కొనండీ అనేది. రిటైరయ్యాక చూద్దాంలే అనేవాణ్ణి" అన్నారు. అని మళ్ళీ కమ్మీ వంచడంలో పడ్డారు.

టెస్టింగ్ రోజున లైట్లు, బ్రేకులు, హారన్ అన్నీ సరిపోయాయి. పరీక్షించే ఆయన ఎడమవైపుకు వచ్చి ఆగాడు.

"యే క్యా లగాయా హై?"

"సాడీ కే లియే" అన్నారు విశ్వనాథం గారు.

ఆయన మా ఇద్దరినీ ఎగాదిగా చూసి నవ్వాడు. "సాడీ కౌన్ పెహన్తా హై? నికాలో, పాస్. ఖలాస్."

చీర కట్టేదెవరని ఆయన సరదాగానే అడిగాడు. ఆయనకేం తెలుసు పాపం. కమ్మీలు పక్కకు పొడుచుకొచ్చాయి కాబట్టి తీసేయమనడమూ న్యాయమే. నేను స్పానర్ తీశాను. "రెండు నిమిషాల పని సార్." విశ్వనాథం గారు అడ్డొచ్చి, "వద్దండి, పదండి" అన్నారు. బండిని మళ్ళీ పికప్‌లోనే తెచ్చి షెడ్డులో టార్పాలిన్ కప్పేశాం.

నాకు ఒళ్ళు మండిపోయింది. నాలుగు బోల్టుల కోసం ఇంత కష్టం మట్టిపాలు చేస్తారా అని లోపల్లోపల గొణుక్కున్నాను. శుక్రవారాలు మళ్ళీ గోడలు చూస్తూ గడిచాయి. ఆయన రిటైర్మెంటు దగ్గరపడుతోంది, బండి ఊసే లేదు.

తర్వాత ఒక శుక్రవారం పొద్దున ఫోన్ చేశారు. "ఓసారి షెడ్డుకి రాగలరాండి? పనేం లేదు. నేనే విప్పుతాను. మీరు ఊరికే కూర్చోండి, చాలు."

వెళ్ళాను. ఆయన నేలమీద కూర్చుని ఒక్కో బోల్టూ విప్పారు. స్పానర్ మాటిమాటికీ జారుతోంది. సాయం చేద్దామని లేవబోయి మళ్ళీ కూర్చున్నాను. రెండో బోల్టు దగ్గర ఆయన ఏడవడం మొదలుపెట్టారు. ఏడుస్తూనే కమల గారి గురించి చెప్పారు. ఆవిడ కోపం, ఆవిడ చేపల పులుసు, ఆసుపత్రి నుంచి చేసిన చివరి ఫోన్‌లో "మీరు అన్నం తిన్నారా" అని అడగడం. కమ్మీలు ఊడి వచ్చాక వాటిని గుడ్డతో తుడిచి, తన కారులో పెట్టుకున్నారు.

బండి పాసయింది. నంబరు బిగించిన రోజు ఆయన స్టార్ట్ చేసి, "యల్లా, ఎక్కండి" అన్నారు. మొహమాటపడుతూ ఎక్కాను. "భుజం పట్టుకోండి, పడతారు." పట్టుకున్నాను. అప్పటికి ఏడాదిగా నేను ఇంకో మనిషిని తాకలేదని ఆ క్షణంలోనే తెలిసింది. చొక్కా కింద వెచ్చగా ఉన్న ఆ భుజాన్ని ఖోర్‌ఫక్కాన్ దాకా వదల్లేదు. హెల్మెట్ లోపల నేనూ ఏడ్చాను.

ఆ వేసవిలోనే ఆయన బండి అమ్మేసి కాకినాడ వెళ్ళిపోయారు. ఇప్పుడు ఎప్పుడైనా పండక్కి ఫోన్ చేసుకుంటాం, అంతే. కానీ ఇక్కడ తెలిసినవాళ్ళ ఇంట ఎవరైనా పోయారని వింటే నేను మెసేజ్ పెట్టి ఊరుకోలేను. వెళ్తాను. పోయిన నెల మా వెల్డర్ గంగారాం వాళ్ళ అమ్మ జగిత్యాల దగ్గర ఊళ్ళో పోయింది. ఆయన నాకంటే చాలా పెద్దవాడు, సెలవు దొరక్క వెళ్ళలేకపోయాడు. అల్ వర్సాన్‌లో ఆయన ఉండే కార్మికుల క్యాంపుకు వెళ్ళి మంచం మీద పక్కన కూర్చున్నాను. ఆయన గోడ చూస్తున్నాడు. నేనూ అదే గోడ చూశాను. చాలాసేపటికి నా వైపు తిరిగి, "తమ్మీ, తిన్నవా?" అన్నాడు.

తినలేదన్నాను. లేచి వెళ్ళి రెండు పళ్ళేలు కడుక్కొచ్చాడు.