మా గొడ్ల చావిట్లో జూడో

మా ఇంటికి బహుమతులు కొత్త కాదు. శావల్యాపురం మండలంలో ఎవరినైనా ఆపి, బండలాగుడు ఎడ్ల త్రికోటేశ్వరరావు ఇల్లెక్కడని అడగండి, చిన్నపిల్లలు కూడా మా వీధి చూపిస్తారు. మాచర్ల వైపు, గురజాల వైపు, కృష్ణ దాటి నల్గొండ జిల్లాలో కూడా నా ఎడ్లు మొదటి బహుమతి తెచ్చాయి. చదువు ఊరి బళ్ళో అయిదో తరగతితో ఆగింది గానీ వార్డు మెంబరుగా గెలిచాను, పాల సొసైటీ అధ్యక్షుడిగా చేశాను. గొప్పకు చెప్పటం లేదు, చెప్పుకోవటానికి ఉన్నాయి కాబట్టి చెబుతున్నాను. అయితే ఇప్పుడు మా ఇంట్లో చెప్పుకోవాల్సిన మనిషి నేను కాదు. మా కోడలు లీలావతి.

లీలావతి పుట్టిల్లు పెదకూరపాడు దగ్గర. పదో తరగతి దాకా చదివింది. మా ఇంటికి వచ్చాక మిరప చేను, గేదెలు, వంట, ఇవే ఆమె లోకం. ఆటలంటే చిన్నప్పుడు ఆడిన అచ్చంగాయలు తప్ప ఇంకోటి ఎరగదు. అటువంటి మనిషి జూడోలోకి దిగటానికి కారణం మా మనవరాలు శ్రీదివ్య.

శ్రీదివ్య తొమ్మిదో తరగతిలో ఉండగా వాళ్ళ బళ్ళో ఆటల మాస్టారు ప్రవీణ్ కుమార్ పిల్లలందరినీ నిలబెట్టి, స్కూల్ గేమ్స్‌లో జూడో కూడా ఉంది, ఎవరైనా వెళతారా అని అడిగాడు. మా పిల్ల ఒక్కతే చెయ్యి ఎత్తింది. ఆయన ఉన్న మాట చెప్పాడు.

"నాకు వాలీబాలూ ఖోఖో వచ్చమ్మా, జూడో రాదు. ఫోన్లో వీడియోలు బోలెడు ఉన్నాయి. చూసి నేర్చుకో. ఎంట్రీ నేను పంపిస్తా."

వీడియో చూడటానికి ఒక్కరు చాలు. జూడో ఆడాలంటే ఇద్దరు కావాలి. పక్కింటి పిల్లలు ఒక పూట వచ్చి, జడలు ఊడిపోతున్నాయనీ, ఇంటికి పోతే అమ్మ తిడుతుందనీ మర్నాడు మానేశారు. శ్రీదివ్య స్తంభానికి తువ్వాలు కట్టి లాగుతుంటే చూడలేక లీలావతి చీర మీద చొక్కా తొడుక్కుని వచ్చింది.

"నన్ను పట్టుకోవే. స్తంభం ఎట్టాగూ పడదు. నేనైతే పడతాను."

నా మోకాళ్ళు అరిగి ఎడ్లను అమ్మేశాక, గేదెలను పెరట్లో కట్టేస్తాం గనుక, గొడ్ల చావిడి ఖాళీగానే ఉంది. అందులో వరిగడ్డి మందంగా పరిచి, మీద పట్టా కప్పారు. ఆ పట్టా ఏదనుకున్నారు? వేసవిలో కల్లంలో మిరపకాయలు ఆరబోసింది! మొదటిసారి లీలావతి వెల్లకిలా పడి చేత్తో నేలను కొట్టగానే మిరప కోరు ఘాటుగా లేచింది. తల్లీ కూతుళ్ళిద్దరూ తుమ్ములు, దగ్గులు, కళ్ళలో నీళ్ళు. మా ఆవిడ రామాయమ్మ పరుగెత్తుకొచ్చి, "జూడో అంటే ఇదా? దీనికి జపాన్ దాకా పోవాలా, మన కల్లంలో రోజూ ఉండేదే గదా!" అంది. బోరు దగ్గర పట్టాను రుద్ది కడిగాక గానీ ఆట సాగలేదు.

ఎడ్లు మేత తిన్న గాడి మీద ఇటుక పెట్టి, దానికి ఫోను ఆనించేవాళ్ళు. వీడియోలో జపాన్ మాస్టారు మొదట వంగి దణ్ణం పెడతాడు. లీలావతి కూడా ఫోనుకు వంగి దణ్ణం పెట్టేది.

"ఆయనకు కనపడదే అమ్మా!"

"కనపడకపోతే మాత్రం? పెద్దాయన దణ్ణం పెడితే మనం ఊరుకుంటే ఏం బాగుంటది?"

జూడోలో పట్టులకు కోటు కావాలి. మామూలు చొక్కా ఒక్క లాగుకు చిరుగుతుంది. మా ఊళ్ళో కుట్టుపని చేసే అక్తర్ బేగం పరుపు గుడ్డను రెండు పొరలు వేసి ఇద్దరికీ కోట్లు కుట్టింది. కాలరు గట్టిగా ఉండాలన్నారని లోపల యూరియా సంచి ముక్క పెట్టింది. "వదినా, ఇది చిరగాలంటే మీ మామగారి ఎడ్లు రావాల్సిందే," అని లీలావతి చేతిలో పెట్టింది.

అన్ని ఎత్తుల్లోకీ మా పిల్లకు నచ్చింది ఒకటి ఉంది. దాని పేరు ఒసోటో గారి. "ఎవరాయన?" అని అడిగింది రామాయమ్మ. మనిషి కాదు, ఎత్తు. ఎదుటి మనిషి కాలరు ఒక చేత్తో, మోచేతి దగ్గర కోటు ఇంకో చేత్తో పట్టుకోవాలి. పక్కకు అడుగు వేసి, వెనక్కి వంచి, ఆమె బరువంతా ఒక కాలి మీదికి తెచ్చి, అప్పుడు ఆ కాలిని వెనకనుంచి మన కాలితో ఊడ్చాలి. వీడియో వేగం తగ్గించి, ఆపి ఆపి చూసి, ఇద్దరూ అడుగు అడుగూ నేర్చుకున్నారు. గడ్డం గుండెకు ఆనించి, వీపు గుండ్రంగా చేసి, తలకు దెబ్బ తగలకుండా పడటం లీలావతికి బాగా పట్టుబడింది. శ్రీదివ్య కాలు వేస్తే చాలు, తల్లి పట్టా మీద ఉండేది. చూడటానికి ముచ్చటగా ఉండేది. మా ఇంటికి ఇంకో బహుమతి ఖాయమని నేను రచ్చబండ దగ్గర అందరికీ చెప్పాను కూడా.

ఎండాకాలం సెలవుల్లో నరసరావుపేటలో పోటీలు పెట్టారు. టౌన్లో కోచ్ దగ్గర నేర్చుకున్న ఒక పొడుగు పిల్ల మా పిల్లకు ఎదురుగా వచ్చింది. శ్రీదివ్య పట్టు పట్టింది, అడుగు వేసింది, కాలు విసిరింది. ఆ పిల్ల కదల్లేదు. పైగా ముందుకు వాలి అదే ఎత్తు తిప్పి వేసింది. పడింది మా పిల్ల. కళ్ళు మూసి తెరిచేలోగా అయిపోయింది.

బస్సులో శ్రీదివ్య, "వీడియోలో చెప్పినట్టే వేశానమ్మా," అంది.

ఇంటికి రాగానే మా అబ్బాయి వెంకటేష్ తేల్చి చెప్పాడు. వాడు మంచివాడే గానీ మాట కటువు.

"వచ్చేది పదో తరగతి. స్కూల్ గేమ్స్ సెలెక్షన్లు ఉన్నాయిగా, అందులో నెగ్గితే ఆడుకో. లేదంటే ఆ కోటు మడిచి పెట్టి పుస్తకం తియ్. ఇంక నన్నడగొద్దు."

శ్రీదివ్య తల ఊపింది గానీ ఆ పూట అన్నం సరిగా తినలేదు. ఆ పిల్లకు ఉన్నది ఈ ఒక్క అవకాశమే.

మర్నాటి నుంచి నేను చావిట్లో మంచం వేసుకుని కూర్చున్నాను. ఎడ్ల కాళ్ళు చూసి చూసి అరిగిన కళ్ళు ఇవి. ఏ ఎద్దు నిజంగా లాగుతోందో, ఏది బరువంతా జత ఎద్దు మీద పడేసి ఊరికే నడుస్తోందో నేను దూరం నుంచే చెప్పేవాణ్ణి. కాసేపు చూసేసరికి సంగతి తెలిసిపోయింది.

"అమ్మాయ్, పిల్ల కాలు తగలకముందే నీ మడమ లేస్తోందేందమ్మా?"

"లేదు మామయ్యా."

"ఫోన్లో పట్టండి. చూద్దాం."

గాడి మీద ఫోను తిప్పి పెట్టి, వాళ్ళ ఆటనే వీడియో తీసి, నిదానంగా నడిపించి చూశారు. శ్రీదివ్య కాలు ఇంకా గాలిలో ఉంది. లీలావతి అప్పటికే పడుతోంది.

"అమ్మా! నువ్వే పడుతున్నావు!"

లీలావతి ముఖం ఎర్రబడింది. "బడి నుంచి అలిసి వచ్చేదానివి. ఇంకా నన్ను లాగి నడుం నొప్పి తెచ్చుకోవటం ఎందుకని... నాకు తెలియకుండానే పడుతున్నానేమోనే."

"అంటే ఇన్నాళ్ళూ నేను నిన్ను ఒక్కసారి కూడా పడెయ్యలేదా?"

తేలిక బండ లాగించిన ఎడ్లు సొంత ఊళ్ళోనే నెగ్గుతాయి. ఆ సంగతి నాకు తెలుసు. కానీ కూతురి కోసం తనంతట తానే పడిపోయే తల్లికి అది ఎట్లా చెప్పాలి? చెప్పాల్సిన పని లేకుండానే ఆమె కోటు సర్దుకుంది.

"రావే. ఇక నుంచి పడను."

అది నోటితో అన్నంత తేలిక కాలేదు. పడటం అలవాటైన ఒళ్ళు కదా, కూతురి కాలు చూడగానే తానే వాలిపోయేది. అందుకని నిలబడటం ఎట్లాగో చెప్పే వీడియోలు వెతికింది. మోకాళ్ళు కాస్త వంచటం, పట్టిన చేతిని మోచేత్తో అడ్డుకోవటం, నడుం దించటం, అన్నీ చూసి చేసింది. మిరప బస్తాలు ఎత్తిన ఒళ్ళు, ఒకసారి పాతుకున్నాక కదిలితేనా!

"అమ్మా, పడు!"

"పడెయ్యి."

"ఒక్కసారి పడవే అమ్మా!"

"పడెయ్యవే!"

ఒకరోజు శ్రీదివ్య కోటు విసిరికొట్టి ఇంట్లోకి పోయింది. లీలావతి గేదె దగ్గర కూర్చుని పాలు పిండుతూ చెంగుతో కళ్ళు తుడుచుకుంది. రామాయమ్మ ఊరుకోలేకపోయింది.

"ఏమే, ఒకసారి పడితే నీ సొమ్మేం పోయింది? పిల్ల ఏడుస్తోంది."

"అక్కడ ఏడవకూడదని, అత్తయ్యా."

నేను చానామందిని చూశాను. ఎడ్ల మీద ప్రేమతో బండ తేలిక చేసి పోటీలో పరువు పోగొట్టుకున్న రైతులను చూశాను. కన్నకూతురు ముందు రోజూ రాయిలా నిలబడిన తల్లిని మాత్రం మా ఇంట్లోనే చూశాను.

వానలు మొదలైన తరువాత ఒక సాయంత్రం జరిగింది. శ్రీదివ్య తొందరపడలేదు. ముందుకు గుంజింది, లీలావతి వెనక్కి తగ్గింది. ఆ తగ్గే బలాన్నే పట్టుకుని వెనక్కి నెట్టి, చెయ్యి కిందికి లాగి, కాలు ఊడ్చింది. చావిడి అదిరింది. లీలావతి ఊపిరి బిగపట్టి పైకప్పు వైపు చూస్తూ ఉండిపోయింది.

"అమ్మా! అమ్మా, దెబ్బ తగిలిందా?"

"ఇదే! ఇదేనే!" అంటూ లీలావతి పడుకునే నవ్వటం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి లేవలేకపోయింది. నేనూ రామాయమ్మా చెరో చెయ్యి ఇచ్చి లేపాం.

సెలెక్షన్లకు నేను కూడా వెళ్ళాను. తెల్లపంచె కట్టుకుని, కండువా వేసుకుని మరీ వెళ్ళాను. ఆఖరి ఆటలో మళ్ళీ ఆ పొడుగు పిల్లే. మా పిల్ల ముందే కాలు వేస్తుందని ఆ పిల్ల ఎదురుచూసింది. శ్రీదివ్య వెయ్యలేదు. కాలరు వదల్లేదు, గుంజింది, నెట్టింది, మళ్ళీ గుంజింది. పక్కన లీలావతి పెదవులు బిగించి నిలబడింది. విసుగెత్తి ఆ పొడుగు పిల్ల వెనక్కి ఒక అడుగు వేసింది. అంతే, బరువంతా ఆ కాలి మీదికి వచ్చింది. మా పిల్ల దాన్ని ఊడ్చేసింది. రిఫరీ చెయ్యి నిటారుగా పైకి లేచింది. ప్రవీణ్ మాస్టారు "ఇప్పన్! ఇప్పన్!" అని అరిచాడు. పూర్తి పాయింటని అర్థమట, ఇక ఆట అయిపోయినట్టే. మా శ్రీదివ్య రాష్ట్ర పోటీలకు సెలెక్టయింది.

ఇంటికి వచ్చేసరికి వెంకటేష్ పత్తికి మందు కొట్టి, స్నానం చేసి వాకిట్లో కూర్చున్నాడు. ఫోన్లో అప్పటికే విన్నాడు. కూతుర్ని చూసి, "అయితే ఆడుకో," అన్నాడు. వాడి నోట్లోంచి అంతకన్నా రాదు, నాకు తెలుసు. కానీ లీలావతి వదల్లేదు.

"ఆడుకోవటం సరే. నా బలం దానికిక చాలటం లేదు. రాష్ట్రం అంటే మాటలా? రేపట్నుంచి నువ్వు నిలబడు."

"నేనా? నన్ను పడేస్తుందా?"

"రేపెందుకు, ఇప్పుడే రా నాన్నా," అని శ్రీదివ్య చెయ్యి పట్టి చావిట్లోకి లాక్కుపోయింది.

"ఊరికే పడను, చెప్తున్నా," అన్నాడు వెంకటేష్.

"అదే కావాలి."

నా కొడుకు కాబట్టి చెప్పటం కాదు, ఆ పిల్ల ఎంత గుంజినా చానాసేపు కదల్లేదు. చెమటలు పట్టాయి. లీలావతి చుట్టూ తిరుగుతూ, "గడ్డం గుండెకు ఆనించుకో! తల జాగ్రత్త! పడగానే చేత్తో నేలను కొట్టు!" అని ఒకటే హెచ్చరికలు.

"ముందు దాన్ని పడెయ్యనియ్యవే," అన్నాడు వాడు రొప్పుతూ, "తర్వాత చెబుదువుగాని!"