నా కుడిదిక్కు కూసున్న ఖాలా

మొన్న మా గల్లీల ఉండే మహిళా సంఘం పిల్ల ఫోన్ చేసి, పెద్దమ్మా, మా మీటింగుల నీకు శాలువ కప్పుతం, ఆడపిల్లలకు ధైర్యం గురించి నాలుగు ముచ్చట్లు చెప్పాలె అని అడిగితే, నా నోట్లెకెల్లి వచ్చిన మొదటి మాట "ఎందుకు, నేనే ఎందుకు?" అని. పాపం ఆ పిల్ల తడబడి, మార్కెట్ యార్డుల అంతమంది మొగోళ్ల నడుమ నిలబడి ఏండ్లకేండ్లు పసుపు చూసి చెప్పినవు గదా, నీకంటె ఎవరున్నరు అన్నది. సరే వస్త అని ఫోన్ పెట్టేసిన గని పొద్దుందాక నా మనసు ఒక్కతీరుగ లేదు. శాలువ కప్పి ఏ కాయితం మీద దస్తకత్ పెట్టించుకుంటరో, ఎవలకు ఓటెయ్యమంటరో, నా ఫోటో తీసి ఏడ పెట్టుకుంటరో అని ఒకటే పరేషాన్. నా బిడ్డ నవ్వి, అమ్మా, నీ మెడల దండేస్తే గూడ అండ్ల ముల్లున్నదేమో అని చూస్తవే అన్నది. నవ్వితే నవ్వనియ్యి, అది అన్నదాంట్ల అబద్ధమేం లేదు.

ఈ అనుమానం నాకు ఎడమ చెవితోని వచ్చింది. చిన్నప్పుడు ఆ చెవిల చీము పట్టి వారాలకొద్ది కారితే, మా అవ్వ వెల్లుల్లి వేసి కాచిన నూనె పోసి, ఎవరో చెప్పిన ఆకు రసం పిండి, ఆఖరికి నిజామాబాద్ దవాఖానకు తీసుకపోయేసరికే చెవి కాస్తా పోయింది. మన కాలంల ఆడపిల్లకు చిన్న లోపమున్నా ఇంటోళ్లు పెండ్లిదాక దాచేటోళ్లు, పెండ్లయినంక ఆ పిల్లనే దాచుకునేది, ఇది మీకు నేను చెప్పాల్సిన పని లేదు. నేను కొంగు రెండు చెవుల మీదికెల్లి గట్టిగ కప్పుకొని తిరిగేదాన్ని. మా ఇంటాయనకు నెల తిరగకముందే తెలిసింది గని ఆయన ఒక్క మాట అనలే, ఏమీ అనలేదని గూడ నాకు అనుమానమే. నలుగురు ఒక్కకాడ నవ్వితే నన్ను చూసే నవ్విన్రనుకునేదాన్ని, ఎవరన్న మెల్లగ మాట్లాడితే నా ముచ్చటనే అనుకునేదాన్ని. సగం వినబడ్డ మాటకు మిగిలిన సగం నేనే కల్పించుకునేదాన్ని, ఆ కల్పించుకున్న సగం ఎన్నడూ మంచిది కాకపోయేది.

ఇరవై రెండేండ్ల ఈడుల, మా ఇంటాయన హమాలీ చేసే అడ్తి దుకాణంలనే నాకు గూడ పని దొరికింది. రైతులు తెచ్చిన పసుపును ఖరీదుదారులకు అమ్మిపెట్టే దుకాణం అది. షెడ్డు కింద గోనెసంచులు పరుచుకొని పదిమంది ఆడోళ్లం వరుసగ కూసోని, కొమ్ములు ఒక దిక్కు, గుండ్రటి మండలు ఒక దిక్కు ఏరేటోళ్లం. పొద్దుమీకి ఇంటికి పోతే చేతులు, ముక్కు, కంటిరెప్పలు, ఆఖరికి నేను నీళ్లు తాగిన గిలాస గూడ పచ్చగనే ఉండేది. ఏర్గట్ల, మాక్లూర్ దిక్కుకెల్లి బండ్లు వరుసగ దిగే రోజుల్ల తల ఎత్తే సందు ఉండకపోయేది.

గని మా ఏరుడంత బేరం తెగినంకనే. బేరం తెగకముందు ఆడమనిషి రాశిల చెయ్యి పెట్టొద్దని అప్పట్ల ఒక కట్టుబాటు, చెయ్యి పెడితే రాశి మైలపడుతదట. గడపకు పూసేది మేము, మొకానికి రాసుకునేది మేము, పెండ్లిపిల్లకు నలుగు పెట్టేది మేము, అదే పసుపు రాశి పోస్తే మాత్రం మా చెయ్యి మైల! ఎవరు పెట్టిన్రో ఏమో గా రివాజు, అడిగినోళ్లు లేరు, చెప్పినోళ్లు లేరు.

పసుపు చూసుడంటే కొమ్ము విరిచి సప్పుడు వినుడు. రాశి నడిమిట్లకెల్లి కొమ్ము తీసి చెవి దగ్గర పెట్టుకొని విరిస్తే, మంచిగ ఉడికి ఎండిన కొమ్ము టంగుమని మోగుతది, లోపట పచ్చి ఉన్నదేమో మనిషి నోరు మూసుకొని దగ్గినట్టు విరుగుతది. పైకెల్లి చూస్తే రెండూ ఒక్కతీరుగనే మెరుస్తయి. దుకాణంల అట్ల విరిచి చెప్పే పెద్దాయన ఒకాయన ఉండె, ఆయన ఎండిందంటే ఖరీదుదారు మారుమాట లేకుండ తీసుకునేటోడు. ఆయన మంచాన పడ్డంక దుకాణం మాటకు జర విలువ తగ్గి, దుకాణం నడిపే సేటుకు నిద్ర కరువైంది. నా సంగతి చెప్పాల్నంటే, ఒక్క చెవితోని బతికేదాన్ని కాబట్టి ఆ చెవి మీద పని ఎక్కువ పడి అది మస్తు హుషారైంది. ఏరేటప్పుడు చేతిల విరిగిన కొమ్ము పచ్చిగ వినబడితే ఎవరూ చెప్పకున్నా దాన్ని పక్కకు పెట్టేదాన్ని, అదొక విద్య అని నాకే తెల్వదు.

మా ఆడోళ్ల వరుసకు పెద్ద ఒక ముస్లిం ఆమె, నడీడు దాటిన మనిషి, అందరం ఖాలా, అంటే చిన్నమ్మా, అని పిలిచేటోళ్లం. నేను పనిల చేరిన వారం నుంచే ఆమె రోజూ వచ్చి నా కుడిదిక్కే కూసునేది. ఎవరన్న ముందుగాల ఆడ కూసుంటే లేపి మరీ కూసునేది. నా చేతుల మీద నిఘా పెట్టిందిరా దేవుడా అనుకునేదాన్ని. పైగా నేను పక్కకు పెట్టిన కొమ్ములు ఒక్కొక్కటి తీసి, మళ్ల విరిచి, లోపట చూసి, నా దిక్కు చూసేది. తప్పులు ఏరుతున్నది, ఇయ్యాల గాకపోతే రేపు సేటుకు చెప్తది అని నేను మాటలే తగ్గించిన. ఆమె తెచ్చిన రొట్టె ముక్క పెట్టినా వద్దని మొకం తిప్పుకునేదాన్ని.

ఒకనాడు దూరంకెల్లి చూస్తే ఖాలా సేటు ముందర నిలబడి చెయ్యి నా దిక్కు చూపుతున్నది, ఆ వెంటనే వేలు తన చెవికి పెట్టుకున్నది. ఇంకేముంది, నా చెవుడు సంగతి చెప్పేసింది, పని ఊడినట్టే అనుకున్న. ఆ మర్నాడే సేటు నన్ను రాశి దగ్గరికి పిలిచి, అందరి ముందర, ఏదీ, మూడు కొమ్ములు విరిచి చెప్పు అన్నడు.

ఆడమనిషిని రాశి మీదికి పిలుసుడా! హమాలీలు బస్తాలు దించి చూస్తున్నరు, మా ఇంటాయన గూడ వాళ్లల్లనే ఉన్నడు. ఆ రాశి తెచ్చిన ఏర్గట్ల రైతు చేతులు కట్టుకొని నన్నే చూస్తున్నడు. వరుసలకెల్లి ఖాలా తల ఊపుతున్నది, చెప్పు చెప్పు అన్నట్టు. మూడు కొమ్ములు విరిచిన, రెండు పచ్చిగ దగ్గినయి, సాఫ్‌గ వినబడ్డది. గని నా బుర్రల వేరే లెక్క నడుస్తున్నది. ఇది ఉత్తగ పిలుసుడు కాదు, పరీక్ష, పచ్చిదంటే కోసి చూస్తరు, నా ఖర్మ కాలి ఎండినది తేలితే చెవిటిదాన్ని పిలిచినం సూడున్రి అని నవ్వుతరు, ఖాలాకు కావల్సింది గూడ అదే అనుకున్న. అందుకే అందరూ ఏం వినాలనుకుంటున్నరో అదే అన్న, ఎండింది సేటు, మంచిగనే ఉన్నది అని. ఖాలా తల ఊపుడు ఆగిపోయింది. అది గూడ చూసిన, చూసి గూడ మంచిగైంది అనుకున్న.

నెల తిరగకముందే ఆ బస్తాలన్ని వాపస్ వచ్చినయి. మూతి విప్పితే బూజు వాసన, లోపట కొమ్ములు నల్లబడ్డయి. సేటు షెడ్డు కిందికి వచ్చి నన్ను ఒక్క మాట అనకుండ ఖాలా మీద ఎగిరిండు. నేను మొకం తిప్పుకున్న, నా ఎడమ చెవి వాళ్ల దిక్కయింది, మాటలు సగమే చెవిన పడ్డయి. ఖాలా లేచి నిలబడి, తల దించుకొని ఏదో అన్నది, తను కూసున్న గోనెసంచి మడిచి చంకల పెట్టుకొని గేటు దిక్కు నడిచిపోయింది. అప్పుడు గూడ నేనేమనుకున్ననో చెప్పాల్నంటే సిగ్గయితది. నాటకాలు, రెండు రోజులైతే మళ్ల వస్తది అనుకున్న.

ఇంటికి పోయినంక మా ఇంటాయన అన్నం ముందర కూసోని ముట్టలే. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆనాడు చెప్పిండు, నన్ను పిలువకముందు ఏడాదిపాటు ఖాలా సేటు వెంటపడి, ఆ పిల్ల చెవికి ఉన్న తెలివి మీ మొగోళ్లల్ల ఒక్కనికి లేదు, నా పూచీ, నా జాగ పోయినా సరే ఒక్కసారి పిలువు అని కొట్లాడిందని, ఇయ్యాల సేటు తిడితే తప్పు నాదే అన్నదని, నా పేరు ఎత్తలేదని. నీకెట్ల తెలుసు అని ఆయనను గూడ నిలదీసిన. నేను బస్తాలు మోసుకుంట ఆడనే ఉన్న గదా, నాకు రెండు చెవులున్నయి అన్నడు. ఆయన నా చెవి ముచ్చట ఎత్తుడు అదే మొదటిసారి. మళ్ల మెల్లగ, ఆమె రోజూ నీ కుడిదిక్కు ఎందుకు కూసుంటదనుకున్నవే, నీకు వినబడాలని అన్నడు.

నేను గోడకు ఒరిగి ఏడ్చిన. ఇన్ని దినాలు నిఘా అనుకున్న, ఆమెకు నా చెవి సంగతి మొదటి వారమే తెలిసి, ఎవరికీ తెల్వనియ్యకుండ నన్ను కాసుకున్నది. నా మీద నాకు లేని నమ్మకం ఆమెకు ఉన్నది, నేను దాన్నే అనుమానించి ఆమె పని పోగొట్టిన.

రెండు రోజులకు కొత్త రాశి పోసిన్రు, గుమాస్తా ఒకాయన కొమ్ములు విరుస్తున్నడు. నన్ను ఎవరూ పిలువలే. నేనే లేచిన. వరుసల ఆడోళ్లు కొంగు పట్టి గుంజిన్రు, వదిలించుకొని పోయి రాశిల మోచేతిదాక చెయ్యి పెట్టి నడిమిట్లకెల్లి కొమ్ము తీసిన. తల మీది కొంగు తీసి కుడి చెవి బయటపెట్టి విరిచిన. నిన్నెవరు పిలిచిన్రు అని సేటు కండ్లెర్ర చేసిండు. విరిగిన కొమ్మును ఆయన ముందర పెట్టి అందరికీ వినబడేటట్టు చెప్పిన.

"సేటు, నాకు ఎడమ చెవి ఇనరాదు. కుడి చెవితోని ఇంటున్న. ఇది పచ్చిది. మొన్నటిది గూడ పచ్చిదే, తెలిసి గూడ బుగులుకు చెప్పలే. తప్పు నాది, ఖాలాది కాదు."

ఎవరో చెవిటిది, చెవిటిది అని నవ్విన్రు. ఈసారి పూర్తిగ వినబడ్డది, పడితే పడనియ్యి అనుకున్న. సేటు నవ్వలే. కత్తి తెప్పించి కొమ్మును నిలువుగ కోయించిండు, లోపట నడుమ తడి సాఫ్‌గ కనబడ్డది. ఇంకో నాలుగు నేనే విరిచి, ఇది మంచిది, ఇది పచ్చిది అని చెప్పుకుంట పోయిన, కోసిన ప్రతిదీ నేను చెప్పినట్టే తేలింది. ఆనాటి సంది కొంగు చెవుల మీదికి రాలే, రాశి మైలపడుతదన్న మాట గూడ ఆ దుకాణంల మళ్ల వినబడలే. సేటు తన లాభం కోసం రివాజులు మార్చిండా, నిజంగనే మారిండా అని ఇప్పటికీ నాకు అనుమానమే, గని కొమ్ము విరిచే పని మాత్రం నాదైంది.

ఖాలాను మళ్ల పిలువాలె అని పట్టుబట్టిన. సేటు సరే అంటే మర్నాడు పొద్దుగాల్నే ఆమె ఇంటికి పోయిన. ఆమె లోపటికి రమ్మని, చాయ్ పోసి, వచ్చి నా కుడిదిక్కే కూసున్నది. పనికి రమ్మన్నడు సేటు అని చెప్పిన. ఇగ నాతోని కాదు బేటీ, బోధన్ల నా బిడ్డ రమ్మంటున్నది, పోత అన్నది. మళ్ల జర ముందుకు వంగి, "గట్టిగ చెప్పినవా, అందరికీ ఇనబడేటట్టు?" అని అడిగింది. చెప్పిన అన్న. ఆమె మొకం ఎంత వెలిగిందో! మాఫ్ చెయ్యి ఖాలా అనేటందుకే పోయినదాన్ని, మాట గొంతుదాక వచ్చింది. సరిగ్గ అప్పుడే నా పాడు బుద్ధి లోపట మెదిలింది. నేను ఈమెకు ఇంత నష్టం చేస్తే ఈమె ఇంత సంబురపడుడేంది, మనసుల ఏమున్నదో అని. ఆ ఒక్క గడియ ఆగిన, ఇంతల పక్కింటోళ్లు వచ్చిన్రు, నేను చాయ్ గిలాస కింద పెట్టి లేచి వచ్చేసిన. వారానికి ఆమె బోధన్ పోయింది. ఈ ఆదివారం పోదాం, పండుగ అయినంక పోదాం అనుకుంటనే ఏండ్లు గడిచినయి. ఖాలా చనిపోయి అప్పటికే ఏడాదైందని బోధన్‌కెల్లి వచ్చిన పసుపు రైతు మాటల్ల చెప్తే తెలిసింది.

ఇప్పుడు యార్డుల తడి చూసే మిషన్లు వచ్చినయి. మా మనుమరాలి ఈడు పిల్లలు జీన్స్ ప్యాంట్లేసుకొని వచ్చి, రాశిల చెయ్యి పెట్టి, మిషన్ల అంకె చూసి, ఇది తీసుకోవద్దు అని మొకం మీదనే చెప్తున్నరు, మొగోళ్లు సరే మేడం అంటున్నరు. ఎవరన్న బాగ చెప్పినవమ్మా అంటే, థ్యాంక్యూ అంకుల్ అని నవ్వి ముందుకు పోతున్నరు. వాళ్లను చూస్తే కడుపు నిండుతది, కొంచెం కుళ్లు గూడ అయితది. ఎందుకంటే నేను పదిమంది మొగోళ్ల ముందర నా చెవుడు సంగతి చెప్పగలిగిన, సేటుకు ఎదురు చెప్పగలిగిన. నన్ను మెచ్చుకున్న మనిషి మొకం నిజంగనే నా కోసం వెలిగిందని నమ్మడానికి మాత్రం నాకు బతుకంత పట్టింది, అప్పటికి మాఫ్ అడిగేటందుకు ఖాలా లేదు.