పైకెక్కిన పైపు

మా ఆయన చనిపోయిన ఏడాది ఎండాకాలంలో, పాలమూరులో మా ఇంటికి ఏసీ బిగించడానికి వచ్చినతను అసలు బోరు మోటార్ల మెకానిక్. "బోర్లు ఎండిపాయె అమ్మా, గందుకే గీ పని వట్టిన" అన్నాడు. ఎక్కడ నేర్చుకున్నావని నేను అడగలేదు.

జీవితమంతా నీళ్లను పైకి తెచ్చిన మనిషి. ఏసీ నీళ్లు బయటికి పోయే పైపును కూడా కిటికీ మీదుగా పైకే ఎక్కించాడు. నీళ్లు వెనక్కి వచ్చి గదిలోనే కారేవి. కింద బకెట్ పెట్టి ఫోన్ చేసేదాన్ని. వచ్చేవాడు. ముందుగా అరచెయ్యి చాచి ఒక చుక్క పట్టి, బోరులో పడ్డ మొదటి నీళ్లను చూసినట్టు మురిపెంగా చూసేవాడు. పైపును అటూ ఇటూ కదిపి, చాయ్ తాగి, తన ఊరి ముచ్చట్లు చెప్పి వెళ్లేవాడు. మర్నాడు మళ్లీ కారేది. కోపం రావాల్సింది పోయి, నేను పాలు ఎక్కువ పోయించుకోవడం మొదలుపెట్టాను.

సంగతి తెలిసి మా తమ్ముడు నన్ను తిట్టి, కంపెనీ మనిషిని పంపాడు. అతను పైపును కిందికి వంచి, చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకు ఆ బోరు మెకానిక్కే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "ఫోనే చేస్తలేవు, నీళ్లు ఆగినయా అమ్మా?"

"ఇంకా కారుతనే ఉన్నయి, లోపలికి రా" అన్నాను.

వచ్చాడు. కిందికి వంగిన పైపును చూశాడు. అయినా ఎప్పటిలాగే ఏసీ కింద అరచెయ్యి చాచి చాలాసేపు నిలబడ్డాడు. ఒక్క చుక్కా పడలేదు. పొడి చేతినే చొక్కాకు తుడుచుకుని, "మంచిగైందమ్మా" అన్నాడు.

నేను చాయ్ తెచ్చేసరికి లేడు. గది మాత్రం చల్లగా ఉంది.