ఐసు దిమ్మల మీద పరుపులక్క

మంగళవారం పొద్దున్న పదకొండు గంటలకు, ఊరంతా ఎవరి పనుల్లో వాళ్ళు తలమునకలై ఉండగా, పరుపులక్క ఐసు ఫ్యాక్టరీలో ఐసు దిమ్మల మీద వెల్లకిలా పడుకుని ఉంది. పిచ్చి పట్టి కాదు. పిచ్చి పట్టడానికి కూడా తీరిక ఉండాలి, ఆవిడకు అది లేదు.

తలకు ఉన్ని టోపీ, కాళ్ళకు రెండేసి మేజోళ్ళు, ఒంటిమీద స్లీపింగ్ బ్యాగు. ఒంటి కింద అద్దెకు తెచ్చిన గాలిపరుపు, దాని కింద వరసగా పేర్చిన ఎనిమిది దిమ్మలు. అదే ఫ్యాక్టరీలో మేస్త్రీగా పనిచేస్తున్న ఆవిడ తమ్ముడు చేతిలో గడియారం పట్టుకుని, గుమ్మం వైపు బిక్కుబిక్కుమని చూస్తూ నిలబడ్డాడు.

"పన్నెండు నిమిషాలైందక్కా. ఇంక లే. మా యజమాని చూశాడంటే నా ఉద్యోగం ఊడుతుంది."

"ఊడితే వచ్చి నా దగ్గర దూది ఏకుదువుగానిలే. నడుం దగ్గర చల్లబడింది, రాసుకో."

"ఏమని రాయను?"

"పన్నెండు నిమిషాలకి నడుం చల్లబడిందని రాయి. ఇది పనికిరాదు. రెండోది ఇటు తే."

ఆవిడకు యాభై రెండేళ్ళు. ముప్పై ఏళ్ళుగా పరుపులు కుట్టడమే పని. ముందు గదిలో దుకాణం, వెనక రెండు గదుల్లో కాపురం, మూడింటిలోనూ గాల్లో తేలే దూది. పరుపు మీద అరచెయ్యి వేసి ఒక్కసారి నొక్కిందంటే లోపల ఎన్ని కిలోల దూది ఉందో, అందులో కొత్తదెంతో పాతదెంతో చెప్పేస్తుంది. అందుకే అందరికీ పరుపులక్క అయింది. అసలు పేరు పెళ్ళి కార్డు మీద ఉండాలి, ఆ కార్డు ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

అలాంటి మనిషి ఐసు మీదికి ఎందుకు ఎక్కిందో తెలియాలంటే పోయినేటి సంగతి చెప్పాలి.

ఆవిడ అన్నగారి భార్య, అంటే వదిన, బళ్ళో లెక్కల పంతులమ్మ. వయసులో ఆరేళ్ళు పెద్ద. ఆ వదినే ఆవిడను నడకబృందంలో చేర్పించింది. ఆ బృందానికి పెద్ద రిటైరైన డ్రిల్లు మాస్టారు. ఏటా చలికాలంలో ఆయన పదిమందిని ఇద్దరేసి జోడీలుగా వెంటబెట్టుకుని కొండెక్కుతాడు. మొదటి రాత్రి సగం ఎత్తులో టెంట్లు వేసుకుని పడక, మర్నాడు పొద్దున్నే శిఖరం. ఆయనకు ఒకటే నియమం. ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా ఒంటరిగా కిందికి దిగకూడదు, జోడీ కూడా దిగాలి. "మంచం ఉండగా మంచు మీద పడకెందుకే?" అని పరుపులక్క మొగుడు అడిగాడు. వింటేగా! తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

పోయినేడు వెళ్ళింది. అర్ధరాత్రికి ఒంటి కింద పరుపు మెల్లగా కుంగిపోయి, వీపు నేలకు ఆనింది. తెల్లారేసరికి పెదాలు నల్లబడ్డాయి, పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. మాస్టారు ఆవిడ చెయ్యి పట్టుకు చూసి, "దిగిపోండమ్మా" అన్నాడు. జోడీ ఎవరు? వదినే. దారిలో ఒక మలుపుంది, అది దాటితే శిఖరం ఇక కనిపించదు. అక్కడ వదిన ఒక్క క్షణం ఆగి, పైకి చూసి, "సరే, పద" అంది. అంతే. తరవాత ఏడాదిలో ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. ఎత్తి నాలుగు చీవాట్లు పెట్టినా బాగుండేది.

అసలు నేరం వారం తరవాత బయటపడింది. పరుపులక్క ఆ గాలిపరుపును నీళ్ళ తొట్లో ముంచితే ఒక మూల నుంచి సన్నగా బుడగలొచ్చాయి. సూదిమొన అంత చిల్లు. చూసీ చూడగానే ఆవిడకు సంగతి తట్టింది. బయల్దేరే ముందు రోజు ఆ పరుపుకు జారకుండా గుడ్డ తొడుగు కుడుతోంది. మధ్యలో ఎవరో దిండ్లకోసం వచ్చారు. లేస్తూ లేస్తూ, ముప్పై ఏళ్ళుగా ఎలా చేస్తోందో అలాగే, చేతిలో సూదిని ఒళ్ళో ఉన్న పరుపుకు గుచ్చి లేచింది. దూది పరుపుకు సూది గుచ్చితే దానికేమవుతుంది? అలవాటులో పొరపాటు. ఇంత బతుకూ బతికి ఇంటెనకాల చచ్చినట్టు, ఊరికంతా పరుపులు కుట్టిన చెయ్యి తన పరుపునే చంపుకుంది.

ఈ సంగతి ఆవిడ మూడో కంటికి తెలియనివ్వలేదు. సిగ్గు. పరుపుల మనిషి పరుపుకు చిల్లు పెట్టిందంటే దుకాణం గుమ్మం ఎవరైనా ఎక్కుతారా? దాంతో అందరూ ఆవిడ ఒళ్ళే చలికి ఆగదని తీర్మానించేశారు. వదిన అయితే జాలిపడి మూడు స్వెటర్లు అల్లిపెట్టింది. ఎర్రదొకటి, ఆకుపచ్చదొకటి, ఆవపిండి రంగుది ఒకటి. వాటిని తొడుక్కున్నప్పుడల్లా పరుపులక్కకు లోపలెక్కడో గుచ్చుకునేది.

ఈ ఏడు మళ్ళీ ప్రయాణం కుదిరింది. ఈలోగా వదిన మోకాలు మొరాయించింది. "ఈ ఒక్క చలికాలం వెళ్ళండి, తరవాత బరువు మోస్తూ కొండలెక్కడం మాటే తలపెట్టొద్దు" అని డాక్టరు కచ్చితంగా చెప్పేశాడు. అంటే ఈసారి ఎక్కకపోతే ఆ శిఖరం ఇక వదినది కాదు.

బృందం సమావేశంలో మాస్టారు మొహమాటం లేకుండా అడిగాడు. "పరుపులక్కగారు వస్తానంటున్నారు. ఆవిడకు జోడీగా ఎవరుంటారు? మళ్ళీ దిగాల్సి రావచ్చు, ముందే చెబుతున్నా." అందరూ ఎవరి బూట్లు వాళ్ళు చూసుకున్నారు. వదిన చెయ్యెత్తింది.

"నేనుంటా."

ఆ చెయ్యి చూసిన క్షణాన పరుపులక్క మనసులో గట్టిగా అనుకుంది. ఈసారి నా ఒంట్లోంచి వణుకన్నది పుట్టకూడదు. చచ్చినా సరే, వదిన నా మూలంగా దిగకూడదు.

పాత పరుపుకు అతుకు వేయవచ్చు. కానీ అతుకును నమ్మి వదినను కొండెక్కించడమా? మర్నాడే క్యాంపు సామాన్ల షాపుకు వెళ్ళింది. అలవాటు చొప్పున ఒక్కొక్క గాలిపరుపును అరచేత్తో నొక్కి చూసి, అన్నిటికంటే లావుగా, మెత్తగా ఉన్నదాన్ని తీసింది. కళ్ళజోడు షాపాయన నవ్వాపుకున్నాడు.

"అమ్మా, మీరు మెత్తదనం చూస్తున్నారు. చలిలో మనిషిని తినేసేది నేల. ఒంట్లో వేడినంతా కిందికి లాగేస్తుంది. దాన్ని ఆపేదేదో చూడాలి. ఇదుగో, ప్రతిదాని మీదా ఒక అంకె ఉంటుంది. ఎంత ఎక్కువుంటే అంత వెచ్చన. మీరు పట్టుకున్న లావుదానికి ఒకటిన్నర. ఈ సన్న ఫోమ్ షీటుకి రెండు. లోపల వెండిరంగు పొరలున్న ఈ గాలిపరుపుకి నాలుగున్నర."

"లావుదానికి తక్కువా? ఇదెక్కడి చోద్యం!"

"దాంట్లో ఉత్త గాలే కదమ్మా."

"అంకెలు మా వదినకి చెప్పండి, లెక్కల మనిషి. నాకు నా నడుం చెబితేనే నమ్మకం."

"అయితే ఇక్కడే నేలమీద వేసుకుని పడుకు చూడండి."

"మీ నేల వెచ్చగా ఉంది బాబూ" అని, మూడింటినీ అద్దెకు తీసుకుని తిన్నగా తమ్ముడి దగ్గరికి నడిచింది.

అలా ఐసు మీదికి ఎక్కింది. లావుది పన్నెండు నిమిషాల్లో చేతులెత్తేసింది. రెండోది, మడతలుగా ముడుచుకునే సన్న ఫోమ్ షీటు, నలభై నిమిషాలు పరవాలేదనిపించింది. కానీ ఆవిడ పక్కకు తిరిగి పడుకునే మనిషి. తుంటి ఎముక నొక్కుకుని ప్రాణం పోయింది. మూడోది కదిలితే చాలు గరగరమంది. "చప్పుడుకేం, తాటాకు చప్పుళ్ళకు కుందేళ్ళు బెదురుతాయా?" అని పడుకుంది. గంట గడిచింది. వీపు వెచ్చగానే ఉంది. పక్కకు తిరిగింది, తుంటి దిగబడలేదు. చెయ్యి మాత్రం అంచు దాటి ఐసుకు తగిలి ఉలిక్కిపడింది. ఇదే రకంలో ఇంకాస్త వెడల్పుది తీసుకోవాలని తమ్ముడి చేత రాయించింది.

అప్పుడు తట్టింది ఆవిడకు. తను ముప్పై ఏళ్ళుగా చెబుతున్న మాటే ఇది! పాత పరుపు తెచ్చి చల్లగా ఉంటోందన్నవాళ్ళకు ఏం చెబుతుంది? అణిగిపోయిన దూదిలో గాలి నిలవదమ్మా, ఏకించుకోండి అని. మరీ ఉత్త గాలయినా పనికిరాదు, అది లోపల అటూఇటూ తిరిగి నేల చలిని వీపుకు మోసుకొస్తుంది. గాలి ఉండాలి, కదలకుండా ఉండాలి. వెండి పొరలు చేసే పని ఏకిన దూది చేసే పనే. తెలిసిన విద్యనే పక్కనపెట్టి మెత్తదనం వెంట పడ్డందుకు తనను తానే తిట్టుకుంది.

వెడల్పుది కొనుక్కుంది. దాని కింద వేయడానికి ఫోమ్ షీటు కూడా తీసుకుంది. దానికైతే సూది గుచ్చుకున్నా ఏమీ కాదు.

బయల్దేరడానికి మూడు రోజులుందనగా వదిన తన గాలిపరుపు చంకన పెట్టుకుని దుకాణానికి వచ్చింది. "నాది మూడు అంకె ఉన్నది. నాకు చాలులే. కాస్త జారకుండా దీనికో తొడుగు కుట్టిపెట్టు" అని దాన్ని తీసి పరుపులక్క ఒళ్ళో పెట్టింది. పరుపులక్క చేతిలో దారం ఎక్కించిన సూది ఉంది. ఎవరో నిప్పు పెట్టినట్టు ఒళ్ళోంచి ఆ పరుపును అవతలికి తోసేసింది.

"తీసెయ్ వదినా! ముందు దాన్ని ఇక్కణ్ణుంచి తీసెయ్. కొలతలిస్తే చాలు, కుడతాను."

"ఏమైందే నీకు?"

ఏడాదిగా దాచిన మాట అప్పుడు బయటికొచ్చింది. సూది సంగతి, తొట్లో బుడగల సంగతి, ఐసు దిమ్మల సంగతి, అన్నీ చెప్పింది. తల మాత్రం ఎత్తలేదు.

వదిన తన పరుపును దగ్గరికి లాక్కుంది. తరవాత అంది. "నీ ఒంట్లో రక్తం లేదనుకున్నాను. ఏడాదంతా నీ కోసం కళ్ళు పోయేలా అల్లాను. మూడు స్వెటర్లు! ఒక్క మాట చెప్పడానికి నీకు ఏడాది పట్టిందా?"

"సిగ్గేసింది వదినా."

"సిగ్గా! చిల్లు పడ్డం ఎవరికైనా జరుగుతుంది. నా దగ్గర దాచావు చూడు, అదీ నాకు నొప్పి." పరుపు చుట్టుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

వదిన కొండకు వస్తుందా రాదా అని పరుపులక్కకు మూడు రోజులు అన్నం సహించలేదు. వచ్చింది. మాస్టారు పక్కన నడిచింది, పరుపులక్కతో ఒక్క మాట మాట్లాడలేదు. జోడీలు కాబట్టి టెంటు ఒకటే. పరుపులక్క సూదీ దారం ఇంట్లో పెట్టి తాళం వేసి మరీ వచ్చింది. కింద షీటు, పైన గాలిపరుపు వేసుకుని పడుకుంది. వదిన అటువైపు తిరిగి పడుకుంది.

ఆ రాత్రి సున్నాకు ఆరు డిగ్రీలు కిందికి పోయింది. పరుపులక్కకు వెచ్చగానే ఉంది. కానీ పక్కనుంచి చిన్న చప్పుడు వినిపిస్తోంది. వదిన పళ్ళు. మూడు అంకె ఆ చలికి చాల్లేదు, పైగా మోకాలు. అడిగితే "నాకేం, బాగానే ఉంది" అంటుందని తెలుసు. కాబట్టి అడగలేదు. లేచి తన పడక కింది షీటు లాగింది. "కాస్త లే" అని వదిన పరుపు కిందికి తోసింది. తన నాలుగున్నర ఐసు మీద గంటసేపు ఎలా నిలిచిందో పరుపులక్క నడుముకు గుర్తుంది. భయం లేకుండా పడుకుంది. కాసేపటికి పళ్ళ చప్పుడు ఆగింది. వదిన గురక మొదలయ్యాక గానీ ఈవిడ కళ్ళు మూయలేదు.

తెల్లారి మాస్టారు ఒక్కొక్కరి చెయ్యి పట్టుకు చూశాడు. పరుపులక్క చెయ్యి రెండుసార్లు చూశాడు. "మీదే అందరికంటే వెచ్చగా ఉందమ్మా. నడవండి" అన్నాడు. టెంట్లు అక్కడే వదిలి పైకి బయల్దేరారు. పరుపులక్క షీటును మడిచి వీపుకు కట్టుకుంది.

కొంతదూరం నడిచాక వదిన ఆగి వెనక్కి తిరిగింది. పోయినేడు దిగిపోయిన ఆ మలుపు కింద కనిపిస్తోంది. దాన్ని చూస్తూనే, నాలుగు రోజుల తరవాత మొదటిసారి పరుపులక్కతో నోరు విప్పింది.

"సూది తెచ్చావా?"

"లేదు వదినా. దబ్బనం కూడా ఇంట్లోనే ఉంది."

"ఇంటికెళ్ళాక ఆ మూడు స్వెటర్లూ విప్పి, నా ఉన్ని నాకిచ్చెయ్యాలి."

"ఇవ్వను. చచ్చినా ఇవ్వను. అవి నావి."

వదిన ఆవిడ మొహంలోకి చూసింది. చూసి, పెదవి బిగబట్టుకుని, "మొండిఘటం" అంది. పరుపులక్కకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోవడానికి చేతొడుగులు తీయడమెందుకని అలాగే నడిచింది.

శిఖరం చేరేసరికి ఎండ వచ్చింది. వదిన అక్కడున్న పెద్ద బండ మీద అమ్మయ్య అని కూలబడి, కూలబడ్డంత వేగంగానూ లేచింది.

"అబ్బ! నీ ఐసు దిమ్మలు నయం. ఆ షీటేదో ఇలా పరుచు."

పరుపులక్క వీపు మీద కట్టు విప్పి, షీటు మడతలు తీసి బండ మీద పరిచింది. వదిన కూచుని, మోకాలు చాపుకుని, పక్కన చోటు చూపించింది.

"నిలబడ్డావేం? జరిగాను కదా, కూచో."

ఇద్దరూ దాని మీద కూచున్నారు.