తాత పెట్టుకున్న 'ఓ'

మా సైటు ఇంజినీరు ఐర్లండ్ మనిషి. ఖతార్‌లోని అల్ వక్రాలో, బిల్డింగు పని మధ్య టీకి కూర్చున్నప్పుడల్లా హెల్మెట్ తీసి ఒళ్లో పెట్టుకుని, దాని మీద రాయించుకున్న ఇంటిపేరును బొటనవేలితో తుడిచేవాడు. పేరు ముందున్న 'ఓ' అంటే ఫలానావాడి మనవడు అని అర్థమట. ఇంగ్లీషువాళ్ల పాలనలో ఆ 'ఓ' ఉంటే పని దొరకదని ముత్తాత తీసేశాడట. తాత పంతం పట్టి మళ్లీ పెట్టుకున్నాడట. "పేరు తీసేస్తే మనిషిని తీసేసినట్టే," అనేవాడు వచ్చీరాని హిందీలో.

ఆ కథ నాతో పనిచేసే లింగయ్యకు ఎంత నచ్చిందంటే, ఒకరోజు ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని తన పేరు, ఇంటిపేరు, తాత పేరు కూడా చెప్పాడు. ఇంజినీరు నవ్వి, "ఓకే రాజు, యల్లా," అంటూ ఇక పనికి పదమని లేచాడు. ఆయనకు మేమందరం రాజులమే. మా సైట్లో రాజు అనేవాడు ఒక్కడూ లేడు.

"మన పేర్లు వాళ్లకు నోరు తిర్గయి, ఇడిసిపెట్టన్నా," అన్నాడు లింగయ్య. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ముత్తాత పోగొట్టుకున్న ఒక్క అక్షరానికి అంత బాధపడే మనిషి, రోజూ ఎదురుగా నిలబడేవాడి పేరు మొత్తం మింగేశాడు.

ఆ ఎండాకాలం లింగయ్య వడదెబ్బ తగిలి సైట్లోనే పడిపోయాడు. అంబులెన్సులో వచ్చినతను పేరు అడిగితే ఇంజినీరు తడుముకోకుండా "రాజు" అన్నాడు.

"లింగయ్య," అన్నాను నేను గట్టిగా. స్ట్రెచర్ కదులుతున్నా ఆగకుండా ఇంటిపేరు, తండ్రి పేరు, తాత పేరు చెప్పాను. తాత పేరు అంబులెన్సువాళ్లకు అక్కర్లేదు. అది ఇంజినీరు ముఖంలోకి చూస్తూ చెప్పాను.