తెరుచుకోని బోట్ల పేజీ

మొన్న గాజువాకలో కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు, కౌంటరులో ఉన్న అమ్మాయి నా పాత చీటీ వెతకడానికి ఫోను నంబరు అడిగి కొట్టింది. తెర మీద చిన్న చక్రం ఒకటి తిరగడం మొదలుపెట్టి ఎంతకీ ఆగలేదు. సర్వర్ స్లోగా ఉంది, కూర్చోండి అంది విసుగైనా లేకుండా. నా వెనకాల ఉన్న పెద్దాయన నింపాదిగా తన ఫోను తీసి ఏదో చూసుకోసాగాడు. నేనూ కూర్చున్నాను గానీ, ఆ తెర మీంచి చూపు తిప్పుకోలేకపోయాను. మన వయసు వాళ్ళకు పేజీ తెరుచుకోకపోవడం కొత్త సంగతేమీ కాదు, ఇంటర్నెట్ సెంటర్లలో ఎంతెంతసేపు కూర్చోలేదు మనం? కానీ ఆ చక్రం చూస్తే నాకు ఇరవై ఏళ్ళ కిందటి ఒక పగటిపూట గుర్తొస్తుంది. ఆ పగలు ఏం జరిగిందో మా ఇంట్లో వాళ్ళకు కూడా సగమే తెలుసు.

మాది పద్మనాభం వైపు వరి పండించే కుటుంబం. ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం వచ్చేదాకా నాకు సముద్రంతో పనిపడలేదు. కొలిమి వేడి కొలిచే మీటర్లను సరిచేయడం నా పని. ఎనిమిది గంటలూ అంకెలు చూసి చూసి, ఆదివారం వచ్చిందంటే బస్సెక్కి ఫిషింగ్ హార్బరుకు పోయేవాణ్ణి. ఎందుకో సరిగ్గా చెప్పలేను. ఒకదాన్ని ఒకటి ఒరుసుకుంటూ నిలబడ్డ ఆ బోట్లు, వాటి ముక్కుల మీద చేత్తో రాసిన పేర్లు, తల్లి పేరో కూతురి పేరో అమ్మవారి పేరో, పక్కన ఒక చేప బొమ్మో తామర పువ్వో, ఇవన్నీ చూస్తుంటే నాకు మా ఊళ్ళో ఎడ్ల కొమ్ములకు రంగులు వేసే రోజు గుర్తొచ్చేది. మొదట పేర్లు నోటు పుస్తకంలో రాసుకున్నాను, తరవాత కెమెరా కొన్నాను, ఏ బోటు ఏ ఆదివారం జెట్టీ దగ్గర ఉందో కూడా రాయడం మొదలుపెట్టాను. ఇదేం పిచ్చని మా ఆవిడ నవ్వేది. ఆవిడ బడిలో లెక్కల టీచరు, పనికిరాని లెక్కంటే ఆవిడకు గిట్టదు.

ఆవిడ తమ్ముడు, అంటే నా బావమరిది, మల్కాపురంలో ఉంటూ ఒక కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో పాఠాలు చెప్పేవాడు. నా నోటు పుస్తకాలు చూసి నవ్వకుండా ఉన్నవాడు అతనొక్కడే. ఇంటికి కంప్యూటర్ వచ్చిన ఏడాది, ఇవన్నీ వెబ్‌సైటులో పెడదామన్నాడు. రెండు నెలలు ప్రతి సాయంత్రం వచ్చి కట్టాడు. బోట్లన్నీ ఒక పట్టిక, అవి కనబడిన రోజులన్నీ ఇంకో పట్టిక. పేజీ తెరిచినప్పుడల్లా ఆ రెండింటినీ కలిపి చూపించేలా రాశాడు. ఒక రోజు లావుపాటి పుస్తకం తెచ్చి, చివర ఉన్న పదాల సూచిక నాకు చూపించి, పట్టికకు కూడా ఇలాంటిది ఒకటి కట్టాలి, లేకపోతే ఒక్క పేరు కోసం కంప్యూటర్ మొదటి పుట నుంచి ఆఖరి పుట దాకా తిరగేస్తూ కూర్చుంటుందని చెప్పాడు. నేను తలూపాను. ఇప్పుడు ఆలోచిస్తే, అతను చెప్పిన వాటిలో నేను తలూపి వదిలేసినవే ఎక్కువ.

ఆ సైటు వేడుకగానే మొదలైంది. అయితే ఒక వేసవిలో గాలివాన వచ్చినప్పుడు, వేటకు పోయిన బోట్లు కొన్ని ఇటు కాకినాడలోనూ అటు పారాదీప్‌లోనూ తలదాచుకున్నాయి. ఆ రేవుల్లో చేపలు కొనే ఒక వర్తకుడితో నాకు అప్పటికే పరిచయం ఉండడంతో, ఆయన ఫోనులో చెప్పిన పేర్లు సైటులో ఎక్కించాను. హార్బరు రోడ్డులో ఇంటర్నెట్ సెంటరు నడిపే ఆయన అది చూసి జెట్టీకి పరిగెత్తి అందరికీ చదివి వినిపించాడట. ఆ తరవాతి ఆదివారం నేను వెళితే, ఎన్నడూ పలకరించని ఆడవాళ్ళు బుట్టలు దింపి మరీ పలకరించారు. ఒక సరంగు, అంటే బోటు నడిపే అతను, నన్ను తన బోటు మీదికి ఎక్కించుకుని టీ ఇచ్చాడు. ఆ బోటు పేరు నూకాలమ్మ దీవెన. అతని అన్న కూడా అక్కడే వల బాగుచేసుకుంటూ, నా వైపు చూసి నవ్వాడు.

ఆ మర్యాద నా తలకెక్కింది. సైటును ఇంకా గొప్పగా చేయాలనిపించి, బావమరిదికి చెప్పకుండా నేనే పనికి దిగాను. రోజుల పట్టికలో గాలి దిశ, వాన, ఇంకేవో గడులు చేర్చాలనుకుని, పాతది చెడిపోతుందేమోనన్న భయంతో దాన్ని కొత్త పేరుతో కాపీ చేసి, ఆ కాపీనే వాడుకలో పెట్టాను. ముఖపుటలో ఆరు వందల పైచిలుకు బోట్ల పక్కన ప్రతిదానికీ ఎన్నిసార్లు కనబడిందో, ఆఖరిసారి ఎప్పుడు కనబడిందో వచ్చేలా అతని రాతను చూసి నా రాత అతికించాను. పని చేసింది. ఎంత గర్వపడ్డానో చెప్పలేను.

వారం తిరక్కుండానే పేజీ నెమ్మదించింది. మొదట ఫోను లైను మీద అనుమానపడి తీగ మార్పించాను. తరవాత ఫోటోలు బరువనుకుని, సెలవు పెట్టి కూర్చుని ఒక్కొక్కటే చిన్నవి చేశాను. సైటుకు చోటిచ్చిన కంపెనీ వాళ్ళకు ఘాటుగా ఉత్తరాలు రాస్తే, వాళ్ళు తమ వైపు అంతా బాగానే ఉందని మర్యాదగా జవాబిచ్చారు. తెల్లవారుజామున బాగానే తెరుచుకునేది, నలుగురు ఒకేసారి చూస్తే మాత్రం తెల్లటి తెర తప్ప ఏమీ వచ్చేది కాదు. ఇక మిగిలింది బావమరిదే. ఒక ఆదివారం మధ్యాహ్నం మల్కాపురం వెళ్ళి, భోజనానికి కూర్చున్నవాణ్ణి పట్టుకుని, నువ్వు కట్టింది సరిగ్గా లేదని అనేశాను. వాళ్ళ అమ్మ అక్కడే ఉంది. అతను కోపం తెచ్చుకోలేదు, చెయ్యి కడుక్కుని వచ్చి ఒక్కటే అడిగాడు.

"పట్టికలు నువ్వేటైనా ముట్టుకున్నావేటి బావా?"

"నానేటీ ముట్టుకోనేదు," అన్నాను.

ఎందుకలా అన్నానో ఇన్నేళ్ళ తరవాత కూడా నాకు సరిగ్గా అర్థం కాదు. అంతకు ముందే గొంతు పెంచాను కదా, ఇప్పుడు నేనే అని ఒప్పుకుంటే అత్తగారి ముందు చిన్నబోతాననుకున్నానేమో. నాకన్నా పన్నెండేళ్ళు చిన్నవాడు అతను. సరే బావా, అయితే నాకు తెలీదు, నువ్వే చూసుకో అని లోపలికి వెళ్ళిపోయాడు. రెండు నెలలు మా ఇంటికి రాలేదు.

ఆ ఏడాది వానాకాలం చివర్లో వాయుగుండం పట్టింది. మూడో నంబరు హెచ్చరిక ఎగరేశారు, చాలా బోట్లు తిరిగొచ్చాయి. నూకాలమ్మ దీవెన రాలేదు. దాని వైర్‌లెస్ సెట్టు ముందు రోజు నుంచీ పలకడం లేదని జెట్టీలో చెప్పుకున్నారు. మర్నాడు పొద్దున్నే పారాదీప్ నుంచి వర్తకుడు ఫోను చేసి, తమ రేవులోకి వచ్చిన ఏడు విశాఖ బోట్ల పేర్లు చెప్పాడు. మూడోది నూకాలమ్మ దీవెన. నేను వెంటనే ఏడూ సైటులోకి ఎక్కించాను, ఎక్కినట్టు నాకు కనబడింది కూడా, ఎందుకంటే అంత పొద్దున్నే దాన్ని చూసేవాళ్ళు ఇంకెవరూ లేరు. సంతోషంగా టిఫిన్ తిని డ్యూటీకి వెళ్ళిపోయాను. ఒక్కసారి ఇంటర్నెట్ సెంటరుకు ఫోను చేసి నోటితో చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. పేజీలో ఉంది కదా అనుకున్నాను.

తొమ్మిదింటికి సరంగు భార్య ఇంటర్నెట్ సెంటరుకు వచ్చి కూర్చుందట. ఆమె పదో తరగతి దాకా చదువుకున్న మనిషి, పేర్లు తానే చదువుకోగలదు. ఆమె వెనక ఇంకో పది మంది. ఆ సెంటరులోని నాలుగు కంప్యూటర్లలోనూ, నగరంలో ఇంకెన్ని చోట్లో, అందరూ ఒకేసారి నా ముఖపుటను తెరుస్తున్నారు. తెల్లటి తెర. మళ్ళీ నొక్కితే మళ్ళీ తెల్లటి తెర. సెంటరాయన మా ఇంటికి ఫోను చేస్తే మా ఆవిడ బడిలో ఉంది, నేను ప్లాంటు లోపల మీటర్ల మధ్య ఉన్నాను. తాళం వేసిన ఇంట్లో ఫోను మోగి మోగి ఆగిపోయిందన్నమాట.

మధ్యాహ్నం దాటాక సరంగు అన్న ఇక ఆగలేకపోయాడు. చిన్న ఫైబర్ బోటు తీసి, మరో ఇద్దరితో తమ్ముణ్ణి వెతకడానికి బయల్దేరాడు. వద్దని అందరూ పట్టుకున్నా వినలేదట. హార్బరు ముఖద్వారం దాటుతుండగా కెరటం బోటును రాళ్ళ గట్టుకేసి కొట్టింది. మిగతా ఇద్దరూ ఈదుకుని బయటపడ్డారు. అతని కుడిచెయ్యి మాత్రం బోటుకూ రాయికీ మధ్య పడి నలిగిపోయింది. అతన్ని ఆసుపత్రికి తీసుకుపోయిన కాసేపటికి, జనం ఆశ వదులుకుని ఇళ్ళకు పోయాక, ఆ పేజీ తెరుచుకుంది. పారాదీప్, ఏడు బోట్లు. సరంగు భార్య ఆ పేరు చూసి ఏడవలేదని, తెర మీద వేలు పెట్టి రెండుసార్లు చదువుకుందని సెంటరాయన నాకు చెప్పాడు.

సాయంత్రం డ్యూటీ దిగి ఇంటికి వచ్చేసరికి బావమరిది నా కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు. సంగతి మల్కాపురం దాకా పాకిందట, అక్క దగ్గర తాళం తీసుకుని వచ్చాడు. పావుగంటలో కనిపెట్టేశాడు. నేను కాపీ చేసినప్పుడు రోజులన్నీ కొత్త పట్టికలోకి వచ్చాయి గానీ, అతను కట్టిన సూచిక రాలేదు. ఒక్కొక్క బోటు కోసం కంప్యూటర్ ఆ పట్టికంతా మొదటి నుంచి చివరి దాకా చదువుతోంది, ఆరు వందల బోట్లకు ఆరు వందల సార్లు, చూసే ప్రతి మనిషికీ మళ్ళీ కొత్తగా. అతను ఒక్క వాక్యం కొట్టాడు. పేజీ చటుక్కున తెరుచుకుంది. ఏడు పేర్లూ మా ఇద్దరి ముందు వెలుగుతూ నిలబడ్డాయి. అతను నా వైపు తిరగలేదు.

"పట్టిక పేరు మారింది బావా," అన్నాడంతే.

మూడో రోజు ఆసుపత్రికి వెళ్ళాను. సరంగు పారాదీప్ నుంచి అప్పటికే వచ్చేసి, అన్న మంచం పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. అన్న కుడిచెయ్యి మణికట్టు పై దాకా తీసేయాల్సి వచ్చింది. నేను దాచకుండా అంతా చెప్పాను, పొద్దున్నే తెలుసుననీ, తెరుచుకోకపోవడం నా చేతి పనేననీ, అడిగితే అబద్ధం ఆడాననీ. కంప్యూటర్ గొడవ ఆ అన్నకు ఎంత అర్థమైందో తెలియదు. కట్టు కట్టిన చేతిని దిండు మీదికి జరుపుకుని అన్నాడు.

"నీ పేజీ కోసం నానెల్లనేదు బాబూ, నా తమ్ముడి కోసం ఎల్లాను."

నాకు ఊపిరాడినట్టయింది. కానీ అతను ఇంకా ముగించలేదు.

"అయితే ఆ పేరు అగుపడుంటే ఎల్లీవోణ్ణి కాదు. అదీ నిజిమే గదా."

నేను తెచ్చిన పళ్ళు అక్కడ పెట్టి వచ్చేశాను. ఆ అన్న మళ్ళీ వేటకు పోలేదు. జెట్టీలో ఐసు బండ్లకు చీటీలు ఇచ్చే పనిలో కుదిరాడు, ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నాడు. నేను కనబడితే పలకరించేవాడు, నేనే ఎక్కువసేపు నిలబడలేకపోయేవాణ్ణి. ఆదివారాలు తగ్గాయి, తరవాత మానేశాను. సైటును బావమరిదే ఇంకో నాలుగేళ్ళు నడిపాడు. అతను నన్ను ఏనాడూ దెప్పలేదు, మా ఇంటికి రావడమూ మానలేదు. కానీ ఆ తరవాత పని గురించి నన్ను ఏమీ అడిగేవాడు కాదు. అడగకుండా తానే చూసుకునేవాడు. మా మధ్య పోయింది అదీ.

ఇప్పుడు బోట్లలో మంచి మంచి యంత్రాలు వచ్చాయి, వాటి మీద పనిచేసే కళాసీల దగ్గర కూడా ఫోన్లున్నాయి; పారాదీప్‌లో బోటుకు తాడు కట్టగానే ఇక్కడ ఇంట్లో ఫోటో చూస్తున్నారు. ఎంత మంచి కాలమో. ఒక మనిషి కూడబెట్టిన పేర్ల మీద అన్ని ఇళ్ళ ఊపిరి వేలాడనక్కర్లేదు. అయినా ఒక్కోసారి అనిపిస్తుంది, ఇప్పుడు తెర తెల్లబోతే సర్వర్ అని ఊరుకుంటున్నాం, దాని వెనక ఏ గదిలో ఎవరు కూర్చున్నారో, ఏం ముట్టుకున్నారో మనకు తెలియదు, వాళ్ళకూ మనం తెలియదు. ఇక్కడ ఎవరి చెయ్యి పోయినా ఆ గదిలో వాళ్ళు ఏ ఆసుపత్రికీ రానక్కర్లేదు. నేను ఆ ఆసుపత్రి మెట్లెక్కిన రోజు నాకు ఇంకా గుర్తుంది. అలా తప్పు ఒప్పుకోవడానికి ఎక్కవలసిన మెట్లు ఇప్పుడు ఎవరికైనా ఉన్నాయో లేదో నాకు తెలియదు.