ఎత్తి దించిన చేతులు

ఆ కార్ఖానాలో వాష్‌బేసిన్లు తయారవుతాయి. మట్టిని అచ్చులో పోసేవాళ్లకు ఒక గొప్ప, పూత పూసేవాళ్లకు ఇంకో గొప్ప. బట్టీ కాల్చేవాడి సంగతి చెప్పనే అక్కర్లేదు, వాడి కాళ్లు నేల మీద ఆనవు. వీళ్ల మధ్య సరుకును మోసేవాళ్లకు మాత్రం ఏ గొప్పా లేదు. అచ్చుల గది నుంచి ఆరబెట్టే గదికి, అక్కడి నుంచి పూతకు, పూత నుంచి బట్టీకి, బట్టీ నుంచి గోదాముకు, బేసిన్ ఎక్కడికి వెళ్లాలన్నా మనిషి చేతుల మీదే వెళ్లాలి. అది కొనుక్కుని గోడకు బిగించుకున్నవాళ్లు దాని మెరుపు చూస్తారు గానీ, మోసిన చేతుల గురించి ఎవరు ఆలోచిస్తారు? ఆ చేతుల ముఠాకు పెద్ద మేస్త్రి.

మేస్త్రికి మట్టి దుమ్ముతో గొంతు ఎప్పుడో పోయింది. నోరు తెరిస్తే గాలి వస్తుంది, దగ్గర నిలబడ్డవాడికే మాట వినిపిస్తుంది. అందుకని ఒక పద్ధతి ఏర్పడింది. మేస్త్రి బట్టీ ముందు నిలబడి తన అల్లుడి చెవిలో చెబుతాడు, అల్లుడు వరస పొడుగునా నడుస్తూ అందరికీ చెబుతాడు. "బుర్ర మామది, నోరు అల్లుడిది, మధ్యలో విరిగేవి మన నడుములు" అని ముఠాలో వాళ్లు నవ్వుకునేవారు. మేస్త్రి కూడా నవ్వేవాడు. తన మాటకు అంత మంది చేతులు కదులుతుంటే ఏ మనిషికి మాత్రం నవ్వు రాదు?

ఈ అల్లుడికి ఒకప్పుడు సొంతంగా సైకిళ్లు బాగుచేసే చిన్న కొట్టు ఉండేది. కూతుర్ని ఇచ్చే ముందు మేస్త్రే దాన్ని మూయించాడు. "పంక్చర్లు వేసుకుంటూ ఎన్నాళ్లు బతుకుతావు బాబూ? నా దగ్గరికి వచ్చేయ్. మోత పనికి ఎప్పటికీ ఢోకా లేదు. ఏ వస్తువైనా దానంతట అది నడిచిపోతుందా చెప్పు?" అన్నాడు. అల్లుడు నోట్లో నాలుక లేని మనిషి. సరేనని కొట్టు ఖాళీ చేసి వచ్చేశాడు. కూతురు, అల్లుడు, పసిబిడ్డ అందరూ మేస్త్రి ఇంట్లోనే రెండు గదుల్లో సర్దుకున్నారు. తన తర్వాత మేస్త్రి పని అల్లుడికి వస్తే చాలు, ఇంకే కోరికా లేదని మేస్త్రి అందరితో అంటుండేవాడు. నిజంగానే ఆయనకు ఇంకే కోరికా లేదు.

కార్ఖానా మాత్రం నష్టాల్లో కూరుకుపోతోంది. వెనక పెరట్లో విరిగిన బేసిన్ల పెంకులు గుట్టగా పెరిగిపోతున్నాయి. యజమాని మట్టి బాగాలేదని మట్టి మార్చాడు. మంట సరిగ్గా లేదని బట్టీ కాల్చేవాణ్ని తీసేసి ఇంకొకణ్ని పెట్టాడు. అయినా పెంకులు పడుతూనే ఉన్నాయి. ఎదుటి కంపెనీ బేసిన్ ఇంకా చవగ్గా అమ్ముడుపోతూనే ఉంది. చివరికి ఎవరో చెబితే ఒక అమ్మాయిని పిలిపించాడు. సరుకు ఎక్కడి నుంచి ఎక్కడికి ఎలా వెళుతుందో వెంట తిరిగి చూసి చెప్పడం ఆ అమ్మాయి పని. ముఠా ఆమెకు లెక్కలమ్మాయి అని పేరు పెట్టింది.

ఆమె వస్తోందన్న కబురు తెలియగానే మేస్త్రి గుండెల్లో రాయి పడింది. ఎవరు పని చేస్తున్నారో, ఎవరు ఊరికే ఉన్నారో చూసి ఖాళీగా ఉన్నవాళ్లను పీకేస్తారని ఆయన అనుకున్నాడు. యజమాని వచ్చినప్పుడల్లా ఆయనకు తెలిసిన మందు ఒకటే, ఖాళీ చేతులతో ఎవరూ కనబడకూడదు. అల్లుణ్ని పక్కకు పిలిచాడు.

"ఆ అమ్మాయి ఉన్నన్నాళ్లూ ఒక్కడు కూడా నిలబడి ఉండకూడదు. ఆరిన సరుకు తిన్నగా పూతకు పంపకండి. ముందు వసారాలో దించండి, మళ్లీ ఎత్తండి. బట్టీ దగ్గర కూడా అంతే. మనం లేకపోతే కార్ఖానా లేదని ఆ అమ్మాయికి తెలియాలి."

అల్లుడు మెడ గోక్కున్నాడు. "వద్దేమో మామయ్యా. ఎత్తిన కొద్దీ విరుగుతాయి కదా. ఎప్పుడూ చేసినట్టే చేద్దాం."

"నిన్నగాక మొన్న వచ్చావు, నాకు చెబుతావా? వెళ్లు, చెప్పు."

అల్లుడు వెళ్లి చెప్పాడు.

లెక్కలమ్మాయి మంచిదే. గొంతు పెంచేది కాదు, దుమ్మని ముక్కు మూసుకునేది కాదు. చేతిలో టిక్కుమనే చిన్న మిషను పట్టుకుని ఒక్కో బేసిన్ వెంట నడిచేది. ఎవరైనా దాన్ని ఎత్తితే ఒక టిక్కు, దించితే ఒక టిక్కు. ముఠా ఎప్పుడూ లేనంతగా చెమటోడ్చింది. ఎత్తారు, దించారు, మళ్లీ ఎత్తారు. ఆ టిక్కు వినబడినప్పుడల్లా మేస్త్రికి ప్రాణం లేచి వచ్చేది. తమ కష్టం ఇన్నాళ్లకు ఒకరి లెక్కలోకి వస్తోందని పిచ్చి సంబరపడ్డాడు. ఒకరోజు ఆమె ఆయన పక్కనే ఆగింది.

"ఎప్పుడూ ఇలాగే చేస్తారా మేస్త్రిగారూ?"

మేస్త్రి ఆమెకు వినబడేలా ముందుకు వంగాడు. "ఎప్పుడూ ఇంతేనమ్మా. ఇంకా ఈ వారం కాస్త తక్కువే."

ఆమె తల ఊపి వెళ్లిపోయింది. వెనకాల అల్లుడు ఇంకా కాల్చని ఒక పచ్చి బేసిన్‌ను బిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని నిలబడి ఉన్నాడు. మేస్త్రి కళ్లతోనే కసిరితే, దాన్ని కింద పెట్టి మళ్లీ ఎత్తాడు.

కొన్నాళ్లకు అందరినీ గోదాములో కూర్చోబెట్టారు. యజమాని పక్కన లెక్కలమ్మాయి నిలబడి, అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పింది.

"మట్టిలో లోపం లేదు, బట్టీలో లోపం లేదు. ఎదుటి కంపెనీ మట్టీ ఇదే, మంటా ఇదే. వాళ్లు తక్కువసార్లు ఎత్తుతారు, అంతే తేడా. ఎత్తిన ప్రతిసారీ కూలి పడుతుంది, దించిన ప్రతిసారీ ఎక్కడో ఒక అంచు దెబ్బ తింటుంది. కొనేవాళ్లు బేసిన్‌కి డబ్బిస్తారు గానీ మోసినందుకు ఇవ్వరు కదా. మీ లాభమంతా దారిలోనే పోతోంది."

బేసిన్లు వాటంతట అవే జరిగిపోయేలా రోలర్ల బాట వేయాలని ఆమె చెప్పింది. ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు ఉంటే సరిపోతుందట. ఆ తర్వాత, తన సలహా తేలిగ్గా ఇచ్చింది కాదని చెప్పుకోవడానికి కాబోలు, ఇంకో మాట అంది.

"నిజం చెప్పాలంటే, ఇందులో సగమే ఎత్తుడు దింపుడు ఉంటే రోలర్లు వద్దని నేనే చెప్పేదాన్ని. అంత ఖర్చు గిట్టుబాటయ్యేది కాదు. నాలుగు మంచి బండ్లు కొనిపించి ఊరుకునేదాన్ని. ఇక్కడ మరీ ఎక్కువగా ఉంది."

ఆ మరీ ఎక్కువ ఎక్కడి నుంచి వచ్చిందో మేస్త్రికి తెలుసు. లేచి చెప్పొచ్చు. చెబితే ఇన్నేళ్ల మేస్త్రి అబద్ధాలకోరు అవుతాడు. యజమాని ముందు, ముఠా ముందు తలెత్తుకోలేడు. కూర్చున్నచోటే కూర్చున్నాడు. మిగిలే ఇద్దరిలో ఒకరు మేస్త్రేనని, రెండోవాడెవరో ఆయనే తేల్చి చెప్పాలని యజమాని అనేసి వెళ్లిపోయాడు.

ఆమె మాటలు ముఠాకు అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. గేటు దాటకముందే అల్లుణ్ని చుట్టుముట్టారు.

"దించిందే మళ్లీ దించమని చెప్పిందెవరు? మీ మామేనా?"

అల్లుడు మామ వైపు చూడలేదు. "ఆయనకేం తెలియదు. నేనే చెప్పాను. ఎక్కువ చేస్తే పని నిలబడుతుందనుకున్నాను."

"మరి ఆయన మాటేగా నువ్వు చెప్పేది?"

"ఈసారి కాదు. నా సొంత తెలివి."

మేస్త్రి అక్కడే ఉన్నాడు, అంత దగ్గరలోనే. తన గొంతు ఆ గోలలో ఎవరికీ వినబడదని ఆయన తనకు తాను చెప్పుకున్నాడు. గొంతు లేకపోతే చెయ్యి ఉంది. చెయ్యెత్తి ఆగండిరా అని సైగ చేస్తే అందరూ ఆగేవారే. జన్మంతా ఎత్తడమే పనిగా బతికిన మనిషి ఆ ఒక్క చెయ్యి ఎత్తలేకపోయాడు. ఒకడు అల్లుడి చొక్కా పట్టుకున్నాడు, ఇంకొకడు మొహం మీదే ఉమ్మినంత పని చేశాడు.

ఇంటికి వెళ్లే దారిలో చివరికి మేస్త్రే అడిగాడు.

"ఎందుకలా చెప్పావు?"

"మిమ్మల్ని అంటే మీరు తట్టుకోలేరు మామయ్యా. నాదేముంది, నేను మళ్లీ సైకిళ్లు చేసుకుంటాను."

"రెండో పేరు నీదే రాయిస్తాను."

"వద్దు. ఇప్పుడు నా పేరు చెబితే ఇద్దరం కలిసి ఆడిన నాటకం అనుకుంటారు. మన ముఠాలో పొట్టాయన ఉన్నాడు కదా, ఆయన పేరు చెప్పండి, ముసలి తల్లి ఉంది ఆయనకి."

మేస్త్రి పొట్టాయన పేరే చెప్పాడు. సొంత అల్లుణ్ని కాదని న్యాయం చేశాడని ముఠా అంతా ఆయన్ని ధర్మప్రభువు అంది. పని పోయినవాళ్లు కూడా వచ్చి ఆయన చేతులు పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆ మర్యాదంతా ఆయన పుచ్చుకున్నాడు.

రోలర్ల బాట వచ్చింది. లెక్కలమ్మాయి చెప్పినట్టే జరిగింది. బేసిన్లు గలగలమంటూ వాటంతట అవే నడిచి బట్టీలోకి వెళ్లాయి. పెంకుల గుట్ట పెరగడం ఆగింది. యజమాని మొహంలో కళ వచ్చింది, వచ్చే ఏడాది ఇంకో బట్టీ వేస్తాడట. ఆ చివర మేస్త్రి నిలబడి, ఏదైనా పక్కకు ఒరిగితే వేలితో సరిచేస్తాడు. రోజంతా అదే పని. జీతం వస్తుంది, నిద్ర రాదు.

సైకిళ్ల కొట్టు ఉన్న చోట ఇప్పుడు ఫోన్లు అమ్ముతున్నారు. అల్లుడు ఇంకో గోదాములో మోతకు వెళితే, అతనికంటే ముందే కబురు వెళ్లింది. మనవాళ్ల నోట్లో మట్టి కొట్టింది వీడేనని అక్కడ పనిలో చేరిన పాత ముఠావాళ్లు గుమ్మంలోనే ఆపేశారు. ఆ తర్వాత వెళ్లిన ప్రతి చోటా ఇదే. ఇప్పుడు పొద్దున్నే బయటికి వెళ్లి, ఎక్కడెక్కడో తిరిగి, చీకటి పడ్డాక వస్తాడు.

ఒకరోజు ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. బిడ్డ పాల డబ్బా అడుగంటిందని కూతురు చెప్పింది. అల్లుడు తల వంచుకుని తింటున్నాడు. అంతవరకు బిగపట్టుకున్నదంతా ఆమె నోట్లోంచి ఒక్కసారి బయటికి వచ్చింది.

"మీ సొంత తెలివి మీ దగ్గరే ఉంచుకుని ఉంటే ఇంతమంది ఉసురు మనకు తగిలేది కాదు. నాన్న ఇన్నేళ్లు కష్టపడి తెచ్చుకున్న పేరు. ఆయన్ని ఒక్కమాట అడిగి చేసి ఉంటే పోయేదా? ఆయనైతే ఛస్తే ఒప్పుకునేవాడు కాదు."

అల్లుడు ముద్ద కలుపుతూనే ఉన్నాడు. కూతురు తండ్రి వైపు తిరిగింది. "చెప్పు నాన్నా. నిన్ను అడిగారా?"

గదిలో ఏ గోలా లేదు. ఎంత చిన్న గొంతుతో చెప్పినా వినబడుతుంది. మేస్త్రి నోరు తెరిచాడు. కూతురు ఆ మాట కోసం కాస్త ముందుకు వంగింది.

"మంచినీళ్లు" అన్నాడు మేస్త్రి.

అల్లుడు ఎంగిలి చెయ్యి పక్కకు పెట్టుకుని లేచాడు. ఎడమచేత్తో గ్లాసు నింపి తెచ్చి మామ ముందు చప్పుడు కాకుండా దించాడు.